'బిహైండ్ బార్స్' అనాలా, 'బిహైండ్ ది బార్స్' అనాలా? మండేలా వ్యాసంలో తేలని డౌట్

నీలిసిరా

అందరికీ నమస్తే. ఇంగ్లీషులో రాయడం అలవాటున్నవాళ్లు ఒక డౌట్ తీర్చాలి. జూలై 18 మండేలా డేకి ఒక ఫొటో ఎగ్జిబిషన్ పెడుతున్నారు, దానికోసం నెల్సన్ మండేలా మీద ఇంగ్లీషులో ఒక పేజీ వ్యాసం, ఫొటోల కింద క్యాప్షన్లు రాసే పని నాకొచ్చింది. ఇష్టపడి తీసుకున్న పని, ఆయన జీవితం గురించి రాసేటప్పుడు ఒక్క మాట కూడా తేడాగా పడకూడదని ఉంది.

వ్యాసంలో మొదటి వాక్యం 'మండేలా స్పెంట్ 27 ఇయర్స్ బిహైండ్ ది బార్స్'. చదివిన ఇద్దరిలో ఒకాయన 'ది' కొట్టేశారు, ఎందుకండీ అంటే అలాగే అంటారు అన్నారు, అంతే. ఇంకొకావిడేమో బార్స్ అనేది నౌన్, ఏ జైలు ఊచలో మనకి తెలుసు కాబట్టి 'ది' ఉండి తీరాలి అంటున్నారు. డిక్షనరీ తీస్తే 'బిహైండ్ బార్స్' అనే ఉంది, అర్థం ఇన్ ప్రిజన్ అని ఇచ్చాడు, కానీ 'ది' పెడితే ఏమవుతుందో అక్కడ లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 1994లో మండేలా జైలున్న రాబెన్ ఐలాండ్ అనే దీవికి మళ్లీ వెళ్లి, ఒకప్పుడు తనని పెట్టిన గదిలో నిలబడి కిటికీ ఊచల్లోంచి బయటికి చూస్తున్న ఫొటో ఉంది కదా, యుర్గన్ షాడెబర్గ్ తీసింది, దాని కింద 'మండేలా బిహైండ్ ది బార్స్ ఆఫ్ హిజ్ ఓల్డ్ సెల్, 1994' అని పెట్టాను. 'ది' కొట్టేసినాయనే ఇక్కడ కూడా కొట్టేశారు. 'బిహైండ్ బార్స్ ఆఫ్ హిజ్ ఓల్డ్ సెల్' అని పైకి చదువుతుంటే ఎక్కడో తగులుకుంటోంది నాకు. ఒక చోట తీసేసి ఇంకో చోట ఉంచొచ్చా? అలా చేస్తే దాని వెనక లాజిక్ ఏంటి?

అలాగే ఒకే మాట పదేపదే రాకుండా ఇన్ జైల్, ఇన్ ప్రిజన్, సెర్వింగ్ టైమ్ ఇవన్నీ మార్చి మార్చి వాడుకోవచ్చా, లేకపోతే వాటిల్లో తేడాలున్నాయా? ఉంటే అది కూడా చెప్పండి ప్లీజ్.

అచ్చుతప్పుల వేట

మీ ఇద్దరు ఫ్రెండ్సూ సగం సగం కరెక్టండి. మొదటి వాక్యంలో 'ది' తీసేయాలి, క్యాప్షన్‌లో 'ది' ఉండాలి.

'ది' లేకుండా 'బిహైండ్ బార్స్' అన్నప్పుడు మనం ఇనుప ఊచల గురించి మాట్లాడటం లేదు, ఆ మనిషి ఖైదీగా ఉన్నాడు అన్న స్థితి గురించి మాట్లాడుతున్నాం. మనం 'వాడు ఇప్పుడు ఊచలు లెక్కపెడుతున్నాడు' అంటే వాడు నిజంగా ఒకటీ రెండూ అని లెక్కపెడుతున్నాడని ఎవరూ అనుకోరు కదా, అలాంటిదే. 'ది' పెట్టిన వెంటనే ఆ బార్స్ కంటికి కనిపించే వస్తువులైపోతాయి, ఏ ఊచలు, ఎక్కడివి అని చదివేవాళ్లు వెతుక్కుంటారు. క్యాప్షన్‌లో దానికి జవాబు వెంటనే ఉంది, 'ఆఫ్ హిజ్ ఓల్డ్ సెల్' అని, కాబట్టి అక్కడ 'ది' నప్పింది. మీకు తగులుకున్నది కూడా అదే, ఇంకోసారి మీ చెవిని నమ్మండి.

దీనికి మండేలా జీవితంలోనే మంచి సాక్ష్యం ఉంది. 1988 డిసెంబర్‌లో ఆయన్ని విక్టర్ వెర్‌స్టర్ జైలుకి మార్చారు, అక్కడ పెట్టింది సెల్‌లో కాదు, జైలు ఆవరణలోనే విడిగా ఉన్న ఒక ఇంట్లో, దానికి స్విమ్మింగ్ పూల్ కూడా ఉంది, వండిపెట్టడానికి ఒక మనిషిని ఇచ్చారు. 1990 ఫిబ్రవరి 11న విడుదలయ్యేదాకా ఆయన ఉన్నది అక్కడే. అయినా ఆ పద్నాలుగు నెలల్ని కూడా కలుపుకునే '27 ఇయర్స్ బిహైండ్ బార్స్' అంటాం, అందులో తప్పేమీ లేదు, ఎందుకంటే గేటు దాటి వెళ్లే హక్కు ఆయనకి లేదు, ఆయన ఖైదీయే. అదే మీరు 'బిహైండ్ ది బార్స్' అని రాస్తే అక్షరాలా ఊచల వెనక అని అర్థం వచ్చి, ఆ చివరి భాగానికి వాక్యం అబద్ధమైపోతుంది. ఇంత చిన్న 'ది' అంత పని చేస్తుంది.

ఇంగ్లీషులో ఈ కుటుంబం మాటలు ఇంకా ఉన్నాయి, ఇన్ ప్రిజన్, ఇన్ జైల్, ఇన్ బెడ్, ఎట్ సీ, ఎట్ స్కూల్. ఆ చోటు దేనికోసం ఉందో ఆ పని మీదే మనిషి అక్కడున్నాడు అంటే 'ది' ఉండదు. ఖైదీ అయితే 'ఈజ్ ఇన్ ప్రిజన్'. అదే జైల్లో పైపులు బాగుచేయడానికి వెళ్లినాయన 'ఈజ్ ఇన్ ది ప్రిజన్', ఎందుకంటే ఆయనకి అది ఒక బిల్డింగ్ మాత్రమే. కొడుకుని చూడ్డానికి ములాఖత్‌కి వచ్చిన తల్లి 'వెంట్ టు ది ప్రిజన్', కొడుకు 'వెంట్ టు ప్రిజన్'. ఇక్కడ 'ది' పొరపాటున అటూ ఇటూ అయితే తల్లిని జైల్లో వేసినట్టు అవుతుంది.

ఇంకొక్కటి, బార్స్‌లో చివరి ఎస్ మర్చిపోవద్దు. 'బిహైండ్ ది బార్' అని ఒక్క బార్ రాస్తే మద్యం అమ్మే చోట కౌంటర్ వెనక నిలబడి పోసే మనిషి అని అర్థం వస్తుంది. టైపింగ్‌లో ఒక్క అక్షరం పోతే చాలు, స్పెల్‌చెక్ కూడా పట్టుకోదు దాన్ని.

వెంకీ రాతలు

అన్నా ఇంత అవసరమా అనిపిస్తోంది నాకు, బిహైండ్ ది బార్స్ అని చాలా చోట్ల చూశా, పేపర్లలో కూడా వస్తుంది, చదివేవాళ్లకి జైల్లో ఉన్నాడనే అర్థమవుతుంది కదా. పైగా ఈ రూల్ నిలబడదు కూడా, బిహైండ్ ది సీన్స్ అంటాం, బిహైండ్ ది వీల్ అంటాం, వాటికి 'ది' ఉంది. అవి కూడా స్థితే కదా, నిజంగా తెర వెనక్కి వెళ్లి నిలబడ్డం లేదుగా ఎవరూ. మరి దీనికొక్కదానికే ఎందుకు తీసేయాలి?

అచ్చుతప్పుల వేట

వెంకీ గారూ మంచి పాయింటే, దాటేయను. నిజమే, బిహైండ్ ది సీన్స్‌కి 'ది' ఉంది, బిహైండ్ క్లోజ్డ్ డోర్స్‌కి లేదు, బిహైండ్ ది టైమ్స్‌కి ఉంది, బిహైండ్ షెడ్యూల్‌కి లేదు. వీటన్నిటినీ ఒకే రూల్ కింద కట్టేయడం కుదరదు. జనం నోళ్లలో నాని నాని ఒక్కొక్కటి ఒక్కో రూపంలో గట్టిపడిపోయింది, కాబట్టి ఒక్కోదాన్ని ఉన్నది ఉన్నట్టు నేర్చుకోవడమే. నేను పైన చెప్పింది ఏమిటంటే, బార్స్ విషయంలో 'ది' ఉన్న రూపం, లేని రూపం రెండూ బతికే ఉన్నాయి, రెండిటికీ వేరే వేరే పనులున్నాయి. సీన్స్ విషయంలో అలా లేదు, 'బిహైండ్ సీన్స్' అని ఎవరూ అనరు, కాబట్టి అక్కడ ఎంచుకునే ప్రశ్నే రాదు.

అర్థమైతే చాలు అన్నదానికి మాత్రం ఒప్పుకోను. మాట్లాడేటప్పుడు పర్వాలేదు, ఎవరూ పట్టించుకోరు. కానీ గోడకి తగిలించే వాక్యం, జనం ఆగి చదివేది, అందులో మొదటి లైన్లోనే ఇడియం విరిగితే ఇంగ్లీషు బాగా తెలిసినవాళ్ల దృష్టి మండేలా మీద నుంచి ఆ 'ది' మీదకి పోతుంది. మీరు చెప్పాలనుకున్న మనిషి పక్కకి జరుగుతాడు, నాకు బాధ అక్కడ.

నీలిసిరా గారూ, మీ క్యాప్షన్ గురించి ఒక మాట చెప్పాలి, ఇందాక మర్చిపోయా. పొరపాటున కూడా 'మండేలా బిహైండ్ బార్స్, 1994' అని కుదించి పెట్టకండి. చోటు లేదని చాలామంది అలాగే కోసేస్తారు. 1994లో ఆయన ఖైదీ కాదు, ఆ ఏడాది మే నెలలో దక్షిణాఫ్రికా అధ్యక్షుడయ్యాడు. 'ది' లేని రూపం ఆయన్ని ఆ సంవత్సరం జైల్లో ఉన్నవాడిగా చూపిస్తుంది. నన్నడిగితే బిహైండ్ కూడా వద్దు, ఫొటోలో జరుగుతున్నదే రాయండి, 'మండేలా లుక్స్ అవుట్ త్రూ ది బార్స్ ఆఫ్ హిజ్ ఓల్డ్ సెల్' అని. ఆయన చూపు ఎటుందో కూడా వస్తుంది అందులో.

డెస్క్ మనిషి

చాలాకాలం న్యూస్ డెస్క్‌లో పనిచేశాను, మీ రెండో ప్రశ్నకి నేను చెప్తా, ఎందుకంటే దాని గురించి ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. ఇవి మార్చి మార్చి వాడుకునే మాటలు కావు. ఒక మనిషి నేరం చేశాడని కోర్టు తేల్చిందా లేదా అన్నది ఈ మాటల్లోనే దాగి ఉంటుంది.

బిహైండ్ బార్స్ కొంచెం వెడల్పైన మాట, శిక్ష పడినవాడికీ సరిపోతుంది, ఇంకా విచారణ నడుస్తూ లోపల ఉన్నవాడికీ సరిపోతుంది. కానీ 'సెర్వింగ్ టైమ్', 'డూయింగ్ టైమ్', 'సెర్వింగ్ ఎ సెంటెన్స్' అన్నారంటే కోర్టు దోషి అని తేల్చి శిక్ష వేసింది, అది అనుభవిస్తున్నాడు అని అర్థం. నిన్న రాత్రి అరెస్టయిన మనిషిని 'సెర్వింగ్ టైమ్' అని రాస్తే విచారణ మొదలవకముందే మీరు తీర్పు ఇచ్చేసినట్టే. అతను 'ఇన్ కస్టడీ', కోర్టు రిమాండ్‌కి పంపితే 'ఆన్ రిమాండ్', అంతవరకే. అలాగే కన్విక్ట్ అన్న మాట కూడా తీర్పు తర్వాతే.

వికీలీక్స్ స్థాపించిన జూలియన్ అసాంజ్ కేసు చూడండి. 2019 ఏప్రిల్ నుంచి 2024 జూన్ దాకా లండన్‌లో బెల్‌మార్ష్ జైల్లో ఉన్నాడు. ఐదేళ్లు బిహైండ్ బార్స్ అంటే కరెక్ట్. ఐదేళ్లు సెర్వింగ్ ఎ సెంటెన్స్ అంటే తప్పు, ఎందుకంటే బెయిల్ షరతు తప్పినందుకు పడిన 50 వారాల శిక్ష ఒక్కటే శిక్ష, మిగతాదంతా అమెరికాకి అప్పగించాలా వద్దా అన్న కేసు నడుస్తుండగా రిమాండ్‌లో గడిచిన కాలం. చివర్లో 2024 జూన్‌లో పసిఫిక్ దీవి సైపన్‌లోని అమెరికా కోర్టులో ఒక అభియోగానికి నేరం ఒప్పుకున్నాక 62 నెలల శిక్ష వేసి, లండన్‌లో గడిపిన కాలాన్నే శిక్ష కింద లెక్కగట్టి వదిలేశారు. దీన్నే 'సెంటెన్స్‌డ్ టు టైమ్ సెర్వ్‌డ్' అంటారు. టైమ్ సెర్వ్‌డ్ అంటే ఇప్పటికే లోపల గడిచిపోయిన కాలం, ఇది చూసి ఇంకా జైల్లో ఉండాలేమో అనుకుని రాసేవాళ్లున్నారు, అసలు అర్థం దానికి పూర్తిగా రివర్స్.

శిక్ష ఎంత పడింది, ఎంత కాలం ఉన్నారు, ఈ రెండూ కూడా వేరు. 1922 మార్చిలో గాంధీకి ఆరేళ్ల జైలు శిక్ష వేశారు, 'వాజ్ సెంటెన్స్‌డ్ టు సిక్స్ ఇయర్స్'. అపెండిసైటిస్ ఆపరేషన్ అయ్యాక 1924 ఫిబ్రవరిలోనే విడుదల చేశారు. ఇక్కడ 'స్పెంట్ సిక్స్ ఇయర్స్ బిహైండ్ బార్స్' అని రాస్తే నాలుగేళ్లు మనం కలిపినట్టు.

హౌస్ అరెస్ట్‌కి బిహైండ్ బార్స్ వాడొద్దు. మయన్మార్ నాయకురాలు ఆంగ్ సాన్ సూచీ 1989 నుంచి 2010 మధ్య దాదాపు 15 ఏళ్లు నిర్బంధంలో ఉన్నారు, అందులో ఎక్కువ భాగం యాంగోన్‌లో సరస్సు పక్కన ఉన్న తన సొంతింట్లోనే. దానికి 'అండర్ హౌస్ అరెస్ట్' అనే రాయాలి, దీనికి కూడా 'ది' గానీ 'ఎ' గానీ ఉండదు. అవునూ, విక్టర్ వెర్‌స్టర్‌లో మండేలా ఉన్నది కూడా ఇల్లే కదా అని అడగొచ్చు, కానీ ఆ ఇల్లు జైలు కాంపౌండ్ లోపల ఉంది, ఆయన మీద ఉన్నది యావజ్జీవ శిక్ష. సూచీ ఉన్నది తన ఇల్లు, దాన్ని ఆమెకి జైలుగా చేశారు. ఆ తేడా పాఠకులకి అందాలి.

ఇక ప్రెపొజిషన్లు, ఇవి కుదరకపోతే మిగతాదంతా బాగా రాసినా లాభం లేదు. అరెస్టెడ్ ఫర్, చార్జ్‌డ్ విత్, అక్యూజ్‌డ్ ఆఫ్, కన్విక్టెడ్ ఆఫ్, సెంటెన్స్‌డ్ టు. 'సెంటెన్స్‌డ్ ఫర్ టెన్ ఇయర్స్' కాదు, 'టు టెన్ ఇయర్స్'. 'ఫర్' పెడితే తర్వాత నేరం పేరు రావాలి. జైల్‌డ్ అనే క్రియకి మాత్రం 'ఫర్' రెండు విధాలా నడుస్తుంది, 'జైల్‌డ్ ఫర్ సిక్స్ ఇయర్స్ ఫర్ ఫ్రాడ్' అనొచ్చు, చూడ్డానికి వింతగా ఉన్నా తప్పు కాదు. బెయిల్ అంటే సాధారణంగా తీర్పు రాకముందు, పెరోల్ అంటే శిక్షలో కొంత అనుభవించాక, ఈ రెండూ కలిపేయకండి.

టీచరమ్మ

పైన చెప్పినవి చాలా బాగున్నాయి, నేను పిల్లల పేపర్లు దిద్దేటప్పుడు రోజూ చూసేవి ఒకటి రెండు కలుపుతాను. 'హి ఈజ్ బిహైండ్ బార్స్ సిన్స్ 27 ఇయర్స్' అని రాస్తారు, మన భాషలో 27 ఏళ్లుగా జైల్లో ఉన్నాడు అంటాం కాబట్టి అది నేరుగా అలా వచ్చేస్తుంది. కాలం ఎంత అన్నది చెప్తే 'ఫర్', ఎప్పటి నుంచి అన్నది చెప్తే 'సిన్స్', ఇంకా లోపలే ఉంటే 'హాజ్ బీన్'. మండేలా విషయంలో అది అయిపోయిన కథ కాబట్టి హాజ్ బీన్ అక్కర్లేదు, 'వాజ్ బిహైండ్ బార్స్ ఫ్రమ్ 1962 టు 1990' అంటే చాలు, లేదా మీరు రాసిన స్పెంట్ ఇంకా బావుంది.

ఇంకొకటి, బిహైండ్ బార్స్‌కి అన్ని క్రియలూ అతకవు. స్పెండ్, పుట్, కీప్, ఎండ్ అప్, ల్యాండ్ ఇవి చక్కగా కుదురుతాయి. విడుదల గురించి చెప్పేటప్పుడు 'రిలీజ్‌డ్ ఫ్రమ్ బిహైండ్ బార్స్' అని లాగకండి, అక్కడ మామూలుగా 'రిలీజ్‌డ్ ఫ్రమ్ ప్రిజన్' అనేయండి, లేదా 'వాక్‌డ్ ఫ్రీ' అనండి. ఆ రోజు ఆయన భార్య విన్నీ చెయ్యి పట్టుకుని గేటు దాకా నిజంగానే నడిచి వచ్చారు, కాబట్టి వాక్‌డ్ అన్న మాట ఇక్కడ ఊరికే పడింది కాదు.

జైల్, ప్రిజన్ గురించి కూడా అడిగారు కదా. అమెరికా వాడుకలో జైల్ అంటే కౌంటీవో ఊరివో నడిపేది, విచారణ కోసం ఎదురుచూసేవాళ్లు, చిన్న శిక్షలు పడ్డవాళ్లు ఉంటారు, ప్రిజన్ అంటే రాష్ట్రానివో కేంద్రానివో, మామూలుగా ఏడాదికి మించిన శిక్షలు పడ్డవాళ్లు అక్కడ. బ్రిటన్‌లో అంత తేడా పాటించరు, రెండూ ఒకటే అన్నట్టు వాడతారు, జైల్ కాస్త వ్యవహారంలో మాట. మీ వ్యాసానికి ప్రిజన్ తీసుకోండి, ఎవరు చదివినా ఇబ్బంది ఉండదు.

నీలిసిరా

అబ్బ, ఒక్క 'ది' గురించి అడిగితే ఇంత దొరికింది, అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి. మొదటి పేరా మళ్లీ రాశాను, ఒకసారి చూడండి.

'నెల్సన్ మండేలా స్పెంట్ 27 ఇయర్స్ బిహైండ్ బార్స్. హి సెర్వ్‌డ్ హిజ్ 27 ఇయర్ సెంటెన్స్ ఆన్ రాబెన్ ఐలాండ్ అండ్ వాక్‌డ్ ఫ్రీ ఆన్ 11 ఫిబ్రవరి 1990.'

27 ఇయర్ సెంటెన్స్ దగ్గర హైఫన్ రావాలా, ఇయర్స్ అని ఎస్ పెట్టాలా అన్నది తెలియట్లేదు. ఇంకోటి, వ్యాసంలో తర్వాత ఒక చోట ఫార్మల్‌గా చెప్పాల్సి వస్తుంది, కోర్టు తీర్పు గురించి, అక్కడ కూడా బిహైండ్ బార్స్ వాడొచ్చా?

డెస్క్ మనిషి

మొదటి వాక్యం బ్రహ్మాండంగా ఉంది, దాన్ని ఇక ముట్టుకోకండి. రెండో వాక్యంలో హైఫన్ కంటే పెద్ద సంగతి ఉంది. ఆయనకి 27 ఏళ్ల శిక్ష ఎప్పుడూ పడలేదు. 1962 ఆగస్ట్ 5న అరెస్టయ్యారు, ఆ నవంబర్‌లో సమ్మెకి ప్రేరేపించినందుకు, పాస్‌పోర్ట్ లేకుండా దేశం దాటినందుకు ఐదేళ్లు వేశారు. ఆ శిక్షలో ఉండగానే ప్రభుత్వాన్ని కూలదోయడానికి కుట్ర చేశారన్న రివోనియా కేసు వచ్చింది, అందులో 1964 జూన్ 12న యావజ్జీవం పడింది. 27 అన్నది కోర్టు చెప్పిన అంకె కాదు, చివరికి గడిచిన ఏళ్ల లెక్క. 'ఎ 27 ఇయర్ సెంటెన్స్' అంటే ఆయన శిక్ష పూర్తయింది కాబట్టి వదిలారు అన్నట్టు అయిపోతుంది. అసలు జరిగింది అది కాదు, జీవితాంతం అని చెప్పి, లోపలా బయటా ఏళ్ల తరబడి వచ్చిన ఒత్తిడి వల్ల వదలాల్సి వచ్చింది. ఆ వాక్యంతో ఆ పోరాటం అంతా కనబడకుండా పోతుంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

రాబెన్ ఐలాండ్ కూడా సవరించండి, ఆ 27 ఏళ్లలో 18 ఏళ్లు మాత్రమే అక్కడ. 1982లో పోల్స్‌మూర్ జైలుకి మార్చారు, ఆ తర్వాత విక్టర్ వెర్‌స్టర్.

కోర్టు తీర్పు చెప్పే చోట బిహైండ్ బార్స్ వద్దు. అది హెడ్డింగులకీ కథనాలకీ సరిపోయే మాట, కొంచెం బొమ్మ కట్టి చూపించే మాట. కోర్టు 'సెంట్ హిమ్ బిహైండ్ బార్స్' అనదు, 'సెంటెన్స్‌డ్ హిమ్ టు లైఫ్ ఇంప్రిజన్‌మెంట్' అంటుంది. తీర్పు దగ్గర కోర్టు మాట, మనిషి గడిపిన కాలం దగ్గర బిహైండ్ బార్స్, అలా పెట్టుకుంటే రెండూ ఒకదాన్నొకటి తొక్కుకోవు, మీరు అడిగిన రిపీట్ ప్రాబ్లమ్ కూడా దానంతటదే పోతుంది.

టీచరమ్మ

హైఫన్ సంగతి ఎలాగూ 1962 నాటి శిక్షకి పనికొస్తుంది కాబట్టి చెప్పేస్తా. శిక్ష అనే మాట ముందు విశేషణంలా వస్తే 'ఎ ఫైవ్-ఇయర్ సెంటెన్స్', మధ్యలో హైఫన్, ఇయర్‌కి ఎస్ ఉండదు. అదే 'ఫైవ్ ఇయర్స్ ఇంప్రిజన్‌మెంట్' అని రాస్తే ఎస్ ఉంటుంది, ఎస్ తర్వాత అపాస్ట్రఫీ కూడా ఉంటుంది, ఐదేళ్ల యొక్క ఖైదు అన్నట్టు. ఆ అపాస్ట్రఫీ ఇబ్బందిగా ఉంటే 'ఫైవ్ ఇయర్స్ ఇన్ ప్రిజన్' అనండి, ఏమీ అక్కర్లేదు. బిహైండ్ బార్స్‌కి కూడా హైఫన్ వచ్చే చోటు ఒకటుంది, 'ఎ బిహైండ్-బార్స్ ఇంటర్వ్యూ' అని నౌన్ ముందు వాడినప్పుడు. మీ వాక్యంలో అది చివర్లో వచ్చింది కాబట్టి హైఫన్ వద్దు.

వెంకీ రాతలు

డెస్క్ మనిషి గారు చెప్పిన శిక్ష సంగతి చదివాక నా అభిప్రాయం మార్చుకుంటున్నా, అర్థమైతే చాలు అనుకున్నా గానీ 27 ఇయర్ సెంటెన్స్ అంటే కథే మారిపోతోంది. ఒక్క డౌట్, ఎగ్జిబిషన్‌లో పెద్ద అక్షరాలతో హెడ్డింగ్ '27 ఇయర్స్ బిహైండ్ బార్స్' అని పెడితే బిహైండ్‌లో మొదటి అక్షరం క్యాపిటల్ పెట్టాలా చిన్నది పెట్టాలా? ప్రెపొజిషన్లకి చిన్నది పెట్టాలని ఎక్కడో చదివా.

అచ్చుతప్పుల వేట

వెంకీ గారూ, అది స్టైల్‌ని బట్టి మారుతుంది. ఏపీ, అంటే అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ పద్ధతిలో నాలుగు అక్షరాలు, ఆపైన ఉన్న మాటలన్నిటికీ క్యాపిటల్, బిహైండ్‌కి ఆరు అక్షరాలు కాబట్టి పెద్దదే. ప్రెపొజిషన్ ఎంత పొడుగున్నా చిన్నదే పెట్టాలనే పద్ధతులూ ఉన్నాయి. ఏదో ఒకటి తీసుకుని మిగతా ఫొటోల హెడ్డింగులు కూడా అలాగే పెడితే సరి, ఒక గోడ మీద ఒకలా ఇంకో గోడ మీద ఇంకోలా ఉండకూడదు అంతే.

నీలిసిరా

అలాగేనండి, అన్నిటికీ పెద్దక్షరమే పెట్టిస్తాను. ఫైనల్‌గా ఇలా పంపుతున్నా.

'నెల్సన్ మండేలా స్పెంట్ 27 ఇయర్స్ బిహైండ్ బార్స్. అరెస్టెడ్ ఇన్ 1962 అండ్ సెంటెన్స్‌డ్ టు లైఫ్ ఇంప్రిజన్‌మెంట్ ఇన్ 1964, హి వాజ్ హెల్డ్ ఫర్ 18 ఆఫ్ దోజ్ ఇయర్స్ ఆన్ రాబెన్ ఐలాండ్. హి వాక్‌డ్ ఫ్రీ ఆన్ 11 ఫిబ్రవరి 1990.'

ఫొటో కింద: 'మండేలా లుక్స్ అవుట్ త్రూ ది బార్స్ ఆఫ్ హిజ్ ఓల్డ్ సెల్, రాబెన్ ఐలాండ్, 1994.'

'ది' ఉండాల్సిందే అన్నావిడకి ఈ క్యాప్షన్ చూపిస్తా, ఆవిడ చెప్పిన లాజిక్ ఇక్కడ సరిగ్గా పనికొచ్చింది. విక్టర్ వెర్‌స్టర్ ఇల్లు కూడా వ్యాసం రెండో పేరాలో పెడుతున్నా, దానికి ఫొటో దొరుకుతుందేమో వెతుకుతున్నా, ఎవరి దగ్గరైనా వాడుకోవడానికి పర్మిషన్ ఉన్నది ఉంటే చెప్పండి.

డెస్క్ మనిషి

ఇప్పుడు పర్ఫెక్ట్. ఆ ఇంటి ఫొటో దొరికితే దాని క్యాప్షన్‌లో జైలు పేరు అప్పటిదే రాయండి, ఇప్పుడు దాన్ని డ్రాకెన్‌స్టీన్ అంటున్నారు, 'దెన్ నోన్ యాజ్ విక్టర్ వెర్‌స్టర్ ప్రిజన్' అని పెడితే రెండూ కలిసొస్తాయి.